జర్మన్ నౌకాదళ యుద్ధ బ్యాడ్జీల సేకరణ: ముందు కాగితం, తర్వాత లోహం

విజయనగరంలో ఉంటూ రెండో ప్రపంచ యుద్ధకాలపు జర్మన్ నౌకాదళ బ్యాడ్జీలు సేకరిస్తున్నానని చెబితే, మన గంటస్తంభానికీ ఆ జర్మనీకీ ఏమిటి సంబంధం అని అడగనివారు లేరు. సంబంధం మనం అనుకున్నంత దూరంలో లేదు. హిందూ మహాసముద్రంలో వర్తక నౌకలను వేటాడిన పింగ్విన్ అనే జర్మన్ సహాయక క్రూయిజర్‌ను (వర్తక నౌకకే ఫిరంగులు అమర్చి చేసిన యుద్ధనౌకను) 1941 మే 8న కార్న్‌వాల్ అనే బ్రిటిష్ క్రూయిజర్ ముంచింది. అదే కార్న్‌వాల్‌ను 1942 ఏప్రిల్ 5న సింహళానికి దక్షిణాన జపాన్ విమానాలు ముంచాయి. ఆ మర్నాడే, అంటే ఏప్రిల్ 6న, విశాఖపట్నం మీదా కాకినాడ మీదా జపాన్ బాంబులు పడ్డాయి. పింగ్విన్ నావికులకు ఉద్దేశించిన బ్యాడ్జీని చేతిలోకి తీసుకున్నప్పుడల్లా నాకు ఈ మూడు తేదీలూ వరుసగా గుర్తుకొస్తాయి. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఉండి ఈ సేకరణ మొదలుపెట్టదలచినవారికి పనికివస్తుందని నేను నేర్చుకున్నది ఇక్కడ రాస్తున్నాను.

నేను చెప్పదలచినవాటిలో ముఖ్యమైనది ఒకటే. బ్యాడ్జీ కంటే ముందు దాని ప్రదాన పత్రాన్ని చదవడం నేర్చుకోవాలి. బ్యాడ్జీ మీద మనిషి పేరు ఉండదు, తేదీ ఉండదు. వేలమందికి ఒకే అచ్చులో తయారైన లోహపు ముక్క తన సంగతి తాను చెప్పుకోలేదు. పత్రంలో మాత్రం నావికుడి పేరు, హోదా, ఇచ్చిన తేదీ, ఇచ్చిన అధికారి సంతకం, కార్యాలయపు ముద్ర ఉంటాయి. ఇవన్నీ ఒకదానితో ఒకటి పొసగాలి కనుక, అబద్ధపు పత్రాన్ని పట్టుకోవడానికి మనకు నాలుగైదు దారులు దొరుకుతాయి. అబద్ధపు బ్యాడ్జీని పట్టుకోవాలంటే అసలైనవాటిని పదుల సంఖ్యలో చేత్తో పట్టి చూసి ఉండాలి, ఆ అవకాశం మన ఊళ్లలో దొరకదు.

ఏయే బ్యాడ్జీలున్నాయి

ముందుగా స్థాపన తేదీలు కంఠస్థం కావాలి. జలాంతర్గామి బ్యాడ్జీకి రెండు జన్మలున్నాయి. మొదటిదాన్ని 1918 ఫిబ్రవరి 1న కైజర్ విల్‌హెల్మ్ స్థాపించాడు, దాని మీద రాచకిరీటం ఉంటుంది. రెండోదాన్ని 1939 అక్టోబరు 13న నౌకాదళాధిపతి ఎరిక్ రేడర్ స్థాపించాడు, అందులో కిరీటం ఉన్నచోట గద్ద, స్వస్తిక వచ్చాయి. తర్వాత డిస్ట్రాయర్లనే వేగమైన చిన్న యుద్ధనౌకల బ్యాడ్జీ 1940 జూన్ 4న, సముద్రపు మైన్లు ఏరే నౌకలూ జలాంతర్గాములను వేటాడే నౌకలూ రక్షణ నౌకలూ కలిపిన దళాల బ్యాడ్జీ అదే ఏడాది ఆగస్టు 31న వచ్చాయి. 1941లో మాత్రం కొద్ది నెలల వ్యవధిలోనే ఐదు వచ్చాయి: శత్రువుల సముద్ర దిగ్బంధం దాటిన నౌకల బ్యాడ్జీ ఏప్రిల్ 1న, సహాయక క్రూయిజర్ల బ్యాడ్జీ ఏప్రిల్ 24న, యుద్ధనౌకలూ క్రూయిజర్లూ ఉన్న ప్రధాన నౌకాదళపు బ్యాడ్జీ ఏప్రిల్ 30న, మెరుపు పడవలని చెప్పదగిన ష్నెల్‌బోట్ల బ్యాడ్జీ మే 30న, తీరఫిరంగి దళపు బ్యాడ్జీ జూన్ 24న. 1944లో జలాంతర్గామి నావికులకూ ఇతర నావికులకూ వేర్వేరుగా ఛాతీ పట్టీలు కూడా వచ్చాయి కానీ, కొత్తవారు వాటి జోలికి వెళ్లకపోవడం మంచిది.

వీటిలో డిస్ట్రాయర్ బ్యాడ్జీ కథను కొంచెం వివరంగా చెప్పాలి. 1940 ఏప్రిల్ 10, 13 తేదీల్లో నార్వేలోని నార్విక్ దగ్గర జరిగిన రెండు పోరాటాల్లో జర్మనీ పది డిస్ట్రాయర్లను పోగొట్టుకుంది. ఆ నావికులను గౌరవించడానికే మొదట ఈ బ్యాడ్జీని స్థాపించారు. పాల్ పీక్‌హౌస్ గీసిన రూపంలో అలలను చీల్చుకుంటూ వచ్చే నౌక, నార్విక్‌లోనే మునిగిన విల్‌హెల్మ్ హైడ్‌కాంప్. తర్వాత దీన్ని ఇతర డిస్ట్రాయర్ల నావికులకూ టార్పెడో పడవలవారికీ విస్తరించారు. ష్నెల్‌బోట్ల వారికి సొంత బ్యాడ్జీ వచ్చేదాకా వారికీ ఇదే ఇచ్చారు. కాబట్టి 1941 ఆరంభంలో ష్నెల్‌బోటు నావికుడికి డిస్ట్రాయర్ బ్యాడ్జీ ఇచ్చినట్టు పత్రం కనిపిస్తే అది తప్పు అనుకుని వదులుకోకూడదు.

పరిమితమైన డబ్బుతో మొదలుపెట్టేవారికి నా సలహా మైన్లు ఏరే దళాల బ్యాడ్జీ. ఒట్టో ప్లాచెక్ రూపొందించిన ఈ బ్యాడ్జీలో నౌక ఉండదు. పేలిన మైను నుంచి పైకి లేచే నీటి స్తంభం మాత్రమే ఉంటుంది. ఈ దళాల్లో పనిచేసినవారు చాలామంది కనుక బ్యాడ్జీలూ పత్రాలూ ఎక్కువగానే దొరుకుతాయి, ధర కూడా మిగతావాటి కంటే అందుబాటులో ఉంటుంది. సహాయక క్రూయిజర్ బ్యాడ్జీ అందం వేరు. భూగోళం మీదుగా సాగే పాతకాలపు వైకింగ్ ఓడ అందులో ఉంటుంది, తొలినాటి వాటిలో ఆ గోళాన్ని వేరుగా చేసి అతికించారు. అందంగా ఉండటం, అరుదుగా దొరకడం, రెండూ కలిసినచోట నకళ్లు పుట్టుకొస్తాయి. కనీసం మూడు నాలుగేళ్ల అనుభవం వచ్చేదాకా దాన్ని కొనకండి.

పత్రాన్ని ఎలా చదవాలి

నా దగ్గరున్న ఒక పత్రాన్ని ముందు పెట్టుకుని చెబుతాను. సుమారు నోటుపుస్తకపు కాగితమంత, అంటే ఏ5 సైజు కాగితం, వయసుతో టీ రంగుకు తిరిగింది. నౌకాదళాధిపతి పేరున ఫలానా నావికుడికి ఫలానా బ్యాడ్జీ ఇస్తున్నాను అనే వాక్యం అచ్చులో ఉంది, హోదా, పేరు, తేదీ మాత్రం టైపుమిషను మీద కొట్టారు. కాగితాన్ని తిప్పి వేలితో తడిమితే టైపు అక్షరాల గరుకు తెలుస్తుంది. తేదీలో చుక్క పడినచోట కాగితం దాదాపు చిల్లిపడింది, ఒక అక్షరం పొట్ట సిరాతో పూడిపోయి ప్రతిసారీ ఒకేలా పడింది. సంతకం కలంతో పెట్టినది. గుండ్రటి ముద్ర అంచు సంతకం తోక మీదికి వచ్చింది. ఎడమ అంచున ఫైలుకు కుట్టడానికి వేసిన రెండు రంధ్రాలున్నాయి, వాటి మధ్య దూరం జర్మన్ పద్ధతి ప్రకారం సరిగ్గా 8 సెంటీమీటర్లు. ఊరి పేరు ఉండాల్సినచోట రెండు పొడి అక్షరాలే ఉన్నాయి. యుద్ధకాలంలో దళం ఎక్కడుందో బయటపడకుండా ఊరి పేరుకు బదులు ‘బస చేసిన చోట’ అని పొడి అక్షరాల్లోనో, ‘ఓడ మీద’ అనో రాసేవారు. ఊరి పేరు లేనంత మాత్రాన పత్రాన్ని అనుమానించనక్కరలేదు.

ఇక పరీక్షల సంగతి. మొదటి పరీక్షకు పరికరమేదీ అక్కర్లేదు, తేదీలు గుర్తుంటే చాలు. పత్రం మీది తేదీ ఆ బ్యాడ్జీ స్థాపన తేదీ కంటే ముందుదైతే మరో మాట లేకుండా పక్కన పెట్టేయాలి. ఈ పాఠాన్ని నేను డబ్బు పోగొట్టుకుని నేర్చుకున్నాను. కొత్తలో విదేశీ విక్రేత ఒకరి దగ్గర డిస్ట్రాయర్ బ్యాడ్జీ, పత్రం కలిపి కొన్నాను. పార్శిల్ వచ్చాక తీరుబడిగా చదివితే పత్రం మీద 1940 మార్చి నెల తేదీ ఉంది. నార్విక్ పోరాటమే ఇంకా జరగలేదు. విక్రేత డబ్బు వాపసు ఇవ్వలేదు. ఆ పత్రాన్ని పారేయకుండా ఉంచుకున్నాను, కొత్త పత్రం ఏది వచ్చినా దాని పక్కన పెట్టి చూస్తాను.

రెండో పరీక్ష సంతకం పెట్టిన అధికారి ఆ తేదీన ఆ పదవిలో ఉన్నాడా అన్నది. డిస్ట్రాయర్ దళానికి అధిపతిగా ఉన్న ఫ్రీడ్రిష్ బోంటె 1940 ఏప్రిల్ 10న నార్విక్‌లోనే మరణించాడు, తర్వాత ఆ పదవిలోకి ఎరిక్ బై వచ్చాడు. బోంటె సంతకంతో డిస్ట్రాయర్ బ్యాడ్జీ పత్రం ఉండే వీలే లేదు. అలాగే కార్ల్ డోనిట్జ్ 1943 జనవరి 30న రేడర్ స్థానంలో నౌకాదళాధిపతి అయ్యాడు. అంతకుముందు ఆయన జలాంతర్గాముల అధిపతి. ఆయన పేరు కింద రాసిన పదవి తేదీకి సరిపోతుందో లేదో చూడాలి. పింగ్విన్ విషయంలో ఇదే లెక్క ఇంకో రూపంలో వస్తుంది. సహాయక క్రూయిజర్ల బ్యాడ్జీ స్థాపించిన రెండు వారాలకే ఆ ఓడ మునిగిపోయింది, నావికుల్లో ఎక్కువమంది చనిపోయారు. అందువల్ల ఓడ మీదే పత్రాలు పంచిపెట్టారని చెప్పే కథను నమ్మే ముందు ఆ రెండు వారాల్లో ఓడ ఎక్కడుందో ఆలోచించాలి.

మూడో పరీక్షకు కావలసిన పరికరం మన ఊరి దుకాణాల్లోనే ఉంది. దొంగనోట్లు కనిపెట్టడానికి క్యాష్ కౌంటర్ల దగ్గర పెట్టే ఊదారంగు అతినీలలోహిత దీపం కిందికి, గదిలో మిగతా లైట్లు ఆర్పి, పత్రాన్ని పెట్టండి. యుద్ధం తర్వాత కాగితం తయారీలో తెల్లదనం కోసం కలిపిన రసాయనాలు ఆ వెలుతురులో నీలితెలుపుగా మెరుస్తాయి. 1940లనాటి కాగితం మసకగా ఉండిపోతుంది. మెరిస్తే కాగితం కొత్తదే. మెరవనంత మాత్రాన పాతదని మాత్రం అనుకోకండి, పాత పుస్తకాల చివర ఉండే ఖాళీ కాగితాలను చింపి నకిలీ పత్రాలు అచ్చువేసేవారున్నారు. అప్పుడు కంసాలులు వాడే పది రెట్ల భూతద్దం తీసుకుని అచ్చు అక్షరాల అంచులు చూడాలి. లేజర్ ప్రింటరు వాడే నల్లపొడి, అక్షరాల చుట్టూ చిన్న చిన్న నలుసులుగా చిందుతుంది, ఇంక్‌జెట్ ముద్ర రంగురంగుల చుక్కలుగా విడిపోతుంది. రబ్బరు ముద్ర సిరా అంచుల దగ్గర కొంచెం చిక్కగా, మధ్యలో పలచగా పడుతుంది.

లిపి గురించి ఒక మాట. కొన్ని పత్రాలు ఫ్రాక్టూర్ అనే గోతిక్ అక్షరాల్లో, కొన్ని మామూలు రోమన్ అక్షరాల్లో ఉంటాయి. 1941 జనవరిలో జర్మన్ ప్రభుత్వమే ఫ్రాక్టూర్‌ను పక్కన పెట్టమని ఉత్తర్వు ఇచ్చింది కానీ, అచ్చువేసి ఉంచుకున్న ఫారాలు అయిపోయేదాకా వాడుకున్నారు కనుక ఆ తర్వాతి తేదీలతోనూ ఆ లిపి కనిపిస్తుంది. జర్మన్ భాష రానివారు భయపడనక్కరలేదు. నేను హోదాల పేర్లు ఇరవై, నెలల పేర్లు పన్నెండు, ప్రదాన వాక్యం ఒకటి చేత్తో రాసి నేర్చుకున్నాను, తొంభై పాళ్ల పని దానితోనే జరిగిపోతుంది.

పేరు తెలిశాక మనిషిని వెతకడం మొదలవుతుంది. జర్మన్ సైనికుల సేవా వివరాలు చూసే బెర్లిన్ కార్యాలయం 2019 జనవరి నుంచి అక్కడి జాతీయ అభిలేఖాలయంలో భాగమైంది. కూక్స్‌హాఫెన్‌లో జలాంతర్గాముల ప్రత్యేక అభిలేఖాలయం ఉంది. కీల్ దగ్గర మోల్టెనోర్ట్ స్మారకంలో చనిపోయిన జలాంతర్గామి నావికుల పేర్లు కంచు ఫలకాల మీద ఉన్నాయి, రెండో యుద్ధంలో చనిపోయినవారే 30 వేలకు పైగా ఉన్నారు. పత్రం మీది పేరు ఆ ఫలకాల మీద కనిపించినప్పుడు అది సేకరణ వస్తువుగా మిగలదు, ఇరవై ఏళ్ల కుర్రాడి చావు కబురు అవుతుంది.

మనవాళ్లను ప్రత్యేకంగా ఆకర్షించే కథ ఒకటుంది, అందుకే ప్రత్యేకంగా జాగ్రత్త చెప్పాలి. సుభాష్ చంద్రబోస్, హైదరాబాదుకు చెందిన ఆబిద్ హసన్‌తో కలిసి 1943 ఫిబ్రవరి 9న కీల్ నుంచి యూ-180 జలాంతర్గామిలో బయలుదేరి, ఏప్రిల్ చివర మడగాస్కర్ దగ్గర జపాన్ జలాంతర్గామి ఐ-29లోకి మారారు. యూ-180 నావికుడి పత్రమంటూ ఎవరైనా చూపిస్తే ఏ భారతీయుడికైనా చేయి జేబులోకి పోతుంది. మన మనసు కోరుకున్న కథే చేతికి వచ్చినప్పుడు పరీక్షలు రెండుసార్లు చేయాలి. పైగా అన్ని పత్రాల్లోనూ జలాంతర్గామి సంఖ్య ఉండదు. చాలావాటిలో ఫ్లోటిల్లా (కొన్ని నౌకలు కలిసిన దళం) ముద్రో, ఎమ్ అక్షరంతో మొదలయ్యే నౌకాదళ తపాలా సంఖ్యో మాత్రమే ఉంటుంది.

లోహాన్ని ఎలా చూడాలి

యుద్ధం తొలినాళ్ల బ్యాడ్జీలను ఎక్కువగా టోంబాక్ అనే మిశ్రమ లోహంతో చేశారు. అది మన ఇత్తడి వంటిదే, రాగి పాలు ఇంకా ఎక్కువ. తర్వాత రాగికి కరువొచ్చి జింకుతో చేశారు, దాని మీది బంగారు పూత తొందరగా వెలిసిపోయి బూడిదరంగు బయటపడుతుంది. నేను ఒకసారి అసలైన టోంబాక్ బ్యాడ్జీనీ, నకలునూ తీసుకుని, ఇత్తడి పనికి పేరుపడ్డ శ్రీకాకుళం జిల్లా బుడితి వెళ్లాను. అక్కడ ఒక పెద్దాయన రెండింటినీ అరచేతిలో పెట్టుకుని, నకలు అంచును గోటితో గీరి, “ఇది పోతండి బాబూ, అచ్చు గుద్దింది కాదు” అన్నారు. ఆయనకు జర్మనీ గురించి నేనేమీ చెప్పలేదు. పోత పోసిన లోహంలో గాలిబుడగల గుంటలు సూదిమొనంత సైజులో ఉంటాయి, గద్ద ఈకల గీతలు కరిగిన సబ్బు మీది గీతల్లా మెత్తబడతాయి. ఉక్కు అచ్చుతో గుద్దిన టోంబాక్‌లో ఆ గీతలు పదునుగా నిలబడతాయి. జింకు బ్యాడ్జీల్లో కొన్నింటిని ఒత్తిడితో పోత పోశారు కనుక ఈ సూత్రాన్ని వాటికి యథాతథంగా వర్తింపజేయకూడదు.

వెనుక వైపు చూడటం మరవకండి. పిన్ను, దాని కీలు, కొక్కెం అతికించిన తీరు ఒక్కో తయారీదారుకు ఒక్కో రకంగా ఉంటుంది. బెర్లిన్‌లోని ష్వేరిన్ సంస్థ తన పేరునూ రూపశిల్పి పేరునూ వేసేది. ముద్రలేని అసలైన బ్యాడ్జీలూ ఉన్నాయి, ముద్ర ఉన్న నకళ్లు అంతకన్నా ఎక్కువ ఉన్నాయి. అందుకే ముద్రను చివర చూడాలి, పనితనాన్ని ముందు చూడాలి.

ఇంట్లో స్వస్తిక ఉన్న వస్తువు పెట్టుకోవడం ఇష్టం లేనివారికి మరో దారి ఉంది. పశ్చిమ జర్మనీ 1957 జులై 26 నాటి చట్టంతో పాత సైనికులు స్వస్తిక లేని రూపంలో తమ బ్యాడ్జీలు ధరించవచ్చని అనుమతించింది. అలా చేసినవి నకళ్లు కావు, చట్టబద్ధమైన రెండో రూపాలు. ల్యూడెన్‌షైడ్‌లోని స్టైన్‌హౌయర్ అండ్ ల్యూక్ సంస్థ వీటిని తయారుచేసింది. ఇవి చవక కూడా.

ఈ గుర్తు గురించి మన ఇళ్లల్లో స్పష్టంగా మాట్లాడుకోవాలి. మన గడపల మీద పసుపుతో వేసే స్వస్తికం శుభానికి గుర్తు. ఆ గద్ద కాళ్ల కింద ఉన్నది 60 లక్షల యూదులను చంపిన ప్రభుత్వపు ముద్ర. చూపుకు ఒకేలా ఉన్నాయని పిల్లలు రెండింటినీ కలిపేసుకోకుండా మనమే చెప్పాలి. నేను వీటిని గోడకు తగిలించను, ఎవరినీ పెట్టుకోనివ్వను, చూపించిన ప్రతిసారీ ఆ ప్రభుత్వం ఏం చేసిందో కూడా చెబుతాను.

తెప్పించుకోవడం, దాచుకోవడం

జర్మనీలో స్వస్తికను బహిరంగంగా ప్రదర్శించడం నేరం కనుక అక్కడి వ్యాపారులు ఫోటోల్లో ఆ భాగాన్ని కప్పేస్తారు. దాన్ని చూసి అనుమానపడకండి, మిగతా భాగాల ఫోటోలు దగ్గరగా తీసి పంపమని అడగండి. పార్శిల్ మీద వస్తువు పేరూ అసలు విలువా నిజాయితీగా రాయమనండి. కస్టమ్స్ సుంకాల పట్టికలో సేకరణ వస్తువులు 97వ అధ్యాయంలో ఉంటాయి. మన దేశపు 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం వందేళ్లు దాటిన చారిత్రక వస్తువులూ, 75 ఏళ్లు దాటిన చారిత్రక విలువగల పత్రాలూ పురావస్తువుల కిందికి వస్తాయి, వాటిని కేంద్రప్రభుత్వమో అది అధికారమిచ్చిన సంస్థో తప్ప ఎవరూ దేశం బయటికి పంపకూడదు. అంటే 1918 నాటి బ్యాడ్జీ గానీ 1942 నాటి పత్రం గానీ ఒకసారి తెప్పించాక, నచ్చలేదని తిరిగి పంపడం తేలిక కాదు. కాబట్టి పరీక్ష అంతా కొనకముందే, ఫోటోల మీదే పూర్తిచేయండి. కస్టమ్స్ రసీదు, తపాలా కవరు, విక్రేత బిల్లు మూడూ వస్తువుతోనే ఉంచండి.

మన తీరపు ఉప్పుగాలి జింకుకు విషం. దీనికి తోడు పండగల ముందు ఇత్తడి సామాను తోమే అలవాటు ఇంకో ప్రమాదం. ఒక దసరాకు మా ఇంట్లోనే, దీపపు కుందులతో పాటు నా జింకు బ్యాడ్జీని కూడా చింతపండు పెట్టి తోమేశారు. ఆ పులుపుకు మిగిలిన బంగారు పూత పోయి, జింకు మీద తెల్లటి మచ్చలు తేలాయి. దాన్ని బాగుచేసే దారి లేదు. బ్యాడ్జీని ఎప్పుడూ తోమకూడదు, పొడిగా ఉన్న మెత్తటి కుంచెతో దుమ్ము దులిపితే చాలు. పట్టుకునేటప్పుడు అంచులతో పట్టుకోవాలి, చేతి చెమట కూడా మరక చేస్తుంది. నేను ఒక్కో బ్యాడ్జీని, గంజి పోయేదాకా ఉతికి ఆరబెట్టిన పొందూరు ఖద్దరు ముక్కలో చుట్టి, మూత బిగుతుగా పట్టే డబ్బాలో సిలికా జెల్ సంచితో పాటు పెడతాను. సిలికా జెల్ గింజల రంగు మారినప్పుడు తీసి వేడిచేసి ఆరబెట్టాలి. ముసురు రోజుల్లో వారానికొకసారి చూడాల్సివస్తుంది.

కాగితాన్ని లోహంతో కలిపి పెట్టకూడదు. మార్కెట్లో దొరికే మెత్తటి పీవీసీ కవర్లు కొన్నేళ్లకు జిగురుగా మారి సిరాను పీల్చేస్తాయి. పాలియెస్టర్ కవర్లు వాడాలి. లామినేషన్ చేయిస్తే పత్రం చచ్చినట్టే. సెలోటేపు, నాఫ్తలిన్ ఉండలు దగ్గరికి రానివ్వకండి. చెదలు గోడవెంట వస్తాయి కనుక బీరువాను గోడకు జానెడు దూరంలో జరపాలి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు నా పత్రాలు నేలమీద ట్రంకుపెట్టెలో ఉన్నాయి, నీరు గది గడప దగ్గర ఆగింది కాబట్టి బతికాయి. అప్పటినుంచి అవి బీరువా పై అరలో, నీరు చొరని డబ్బాలో ఉంటున్నాయి. తిత్లీ దెబ్బ తిన్న పలాస వైపువారికి దీన్ని వేరే చెప్పనక్కరలేదు. ప్రతి పత్రాన్నీ రెండు వైపులా 600 డీపీఐలో స్కాన్ చేసి, ఒక ప్రతి వేరే ఊళ్లో ఉన్న బంధువుల దగ్గర ఉంచండి.

చివరగా ఒక గట్టి అట్ట నోటుపుస్తకం పెట్టండి. ఒక్కో వస్తువుకూ ఒక సంఖ్య, కొన్న తేదీ, ధర, ఏయే పరీక్షలు చేశారు, ఏది తేలలేదు అన్నది అందులో రాయండి. ఆ సంఖ్యను చిన్న చీటీ మీద పెన్సిలుతో రాసి కవరులో పెట్టండి, పత్రం మీద మాత్రం పెన్సిలు గీత కూడా వేయకండి. నకిలీ అని తేలినవాటికీ సంఖ్య ఇచ్చి, పుస్తకంలో ఎర్ర సిరాతో నకిలీ అని రాయండి. మన తర్వాత పెట్టె తెరిచే పిల్లలు వాటిని అసలైనవనుకుని ఇంకొకరికి అమ్మకూడదు.